గట్టు మీదే పని ముగించు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియాలో, ప్రోటీన్లను కణం బయటికి పంపే స్రావక వ్యవస్థల జన్యువులు ఎప్పుడు పనిలోకి దిగుతాయో చూడబోతున్నానని రాశావు. చాలా సంతోషం. మైపాడు వైపు రొయ్యల గుంటల గట్ల మీద ముప్పై ఏళ్లు తిరిగినవాడిగా ముందే చెబుతున్నాను: జన్యువును వెతికే పీసీఆర్ పరీక్షలో గీత కనబడితే జన్యువు ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ పూట అది పనిచేస్తోందా అన్నదే నీ ప్రశ్న.

ఈ వ్యవస్థల్లో కొన్ని సూది లాంటి నిర్మాణాలు. అలాంటిదాన్ని కట్టడం కణానికి పెద్ద ఖర్చు. అందుకే ఊరికే కట్టదు. మూడో రకానికి చెందిన మొదటి వ్యవస్థనే తీసుకో. ఇక్కడ ఆట నాలుగు ప్రోటీన్లది. జన్యువులను నడిపించేది ఎక్స్‌ఎస్‌ఏ. దాన్ని ఎక్స్‌ఎస్‌డీ పట్టి ఉంచుతుంది. ఆ పట్టు విడిపించగల ఎక్స్‌ఎస్‌సీని ఎక్స్‌ఎస్‌ఈ కదలనివ్వదు. సూది దారి తెరుచుకోగానే ఎక్స్‌ఎస్‌ఈ బయటికి వెళ్లిపోతుంది. దాంతో ఎక్స్‌ఎస్‌సీ వెళ్లి ఎక్స్‌ఎస్‌డీని పట్టుకుంటుంది, ఎక్స్‌ఎస్‌ఏకు విడుదల దొరుకుతుంది. దారి తెరుచుకుందన్న కబురు జన్యువుకు అందే తీరు ఇది. ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. ఇదే రకంలో రెండో వ్యవస్థ లెక్క వేరు. అది మనిషి పేగులోని పైత్య లవణాలను గుర్తుపట్టి మేల్కొంటుంది.

మన జిల్లాకు బాగా పనికొచ్చేది ఆరో రకం స్రావక వ్యవస్థలు. ప్రయోగశాలలో వాటిలో మొదటిది 30 డిగ్రీల వేడిలో, 3 శాతం ఉప్పులో చురుకుగా ఉంటుంది. రెండోది ఉప్పు తగ్గి, నీరు చల్లబడితే పనిచేస్తుంది. మేలో మన గుంటల్లో ఉప్పదనం పెరుగుతుంది, నవంబరు వానలకు ఒక్క రాత్రిలో పడిపోతుంది. ఈ రెండు కాలాల్లోనూ నమూనాలు తీయి. గుంటలోనూ అలాగే జరుగుతుందో లేదో నీ లెక్కలే చెప్పాలి.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. నీటిని ఐసు పెట్టెలో పెట్టి ముప్పావు గంట ప్రయాణించి నెల్లూరుకు తెచ్చేవాణ్ణి. జన్యువు పనిచేస్తోందని చెప్పే సందేశ ఆర్‌ఎన్‌ఏ సూక్ష్మజీవుల్లో నిమిషాల్లో చెదిరిపోతుంది, చలికి కొత్త సందేశాలు పుడతాయి. ఆరు నెలలు నేను కొలిచింది గుంటను కాదు, ఐసు పెట్టెను. పట్టిక చూసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. నువ్వు గట్టు మీదే వడపోసి, వెంటనే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణంలో ముంచు.

విబ్రియోలను పెంచే టీసీబీఎస్ పళ్లెంలో ఆకుపచ్చ కాలనీ కనబడగానే పేరు పెట్టేయకు, ఆకుపచ్చగా పెరిగేవి ఇంకా ఉన్నాయి. ఎక్స్‌ఎస్‌ఏ తీసేసిన రకాన్ని పోలిక కోసం పక్కనే పెంచు. సందేశం పెరిగినంత మాత్రాన ప్రోటీన్ బయటికి వచ్చిందనుకోకు, కణాలను తీసేసిన ద్రవంలో దాన్ని వెతుకు.

ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటర్ బీరువాలో ఉంది, వచ్చి తీసుకెళ్లు. వాడే ముందు స్వేదనజలం చుక్క వేసి సున్నా చూపుతోందో లేదో చూసుకో. నిరుడు రెండు పీపీటీ (వెయ్యికి రెండు వంతులు) ఎక్కువ చూపించింది.

మీ పెదనాన్న