బొమ్మకు చోటు వదులు

హనుమకొండ

తమ్మీ,

నీ పిల్లల కథ చదివిన. నక్క రాజుగారి మంచం కింద దూరడం బాగా కుదిరింది. కానీ మొదటి పేజీలో సగం రాజు వేషానికే పోయింది: కిరీటం, మీసం, పచ్చ పట్టుపంచె. అదంతా బొమ్మ గీసేవాళ్ల పని. వాళ్లు ఎర్ర పంచె వేస్తే నీ వాక్యం అబద్ధమైపోతుంది. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చందమామ బేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మ ముందు పెట్టుకొని కూర్చో. శంకర్ అంటే కె.సి. శివశంకరన్ (1924–2020), మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకొన్న చిత్రకారుడు. బొమ్మలో విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి. జవాబు తెలిసీ చెప్పకుంటే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. బొమ్మ ఈ రెండింటికీ ముందే ఆగింది. అందుకే నెలనెలా కథ మారినా అది ఏ ముగింపునూ బయటపెట్టలేదు. ఆ కత్తిని చూడు. రాజుకు ఎదురయ్యేది శత్రువు కాదు, ప్రశ్న. కత్తి దానికి పనికిరాదు. ఈ సంగతి మాటల్లో పెడితే చప్పబడుతుంది, బొమ్మలో ఊరికే కనబడుతుంది. కథ ఎత్తుగడలో ఉన్నవేమో అన్నీ పనులే: చెట్టు దగ్గరికి పోవడం, శవాన్ని దించడం, భుజాన వేసుకోవడం, మౌనంగా నడవడం.

చేర్యాల దగ్గరే కదా, అక్కడి నకాషీ పటం కూడా చూసి రా, కథ పాడి చెప్పేందుకు గుడ్డమీద గీసే పొడుగాటి బొమ్మల చుట్ట అది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. దానిమీద ఎర్రటి నేపథ్యం, కథ వరుసలు వరుసలుగా, నడుమ పూల అంచులు. అక్కడ ముగింపు కూడా గీసి ఉన్నా నష్టం లేదు. వినేవాళ్లకు అది తమ కులపురాణమే, కథ ముందే తెలుసు, పక్కన పాడి చెప్పేవాళ్లూ ఉంటారు. పుస్తకంలో అట్ల కుదరదు. పిల్లల కన్ను అక్షరం కన్నా ముందు బొమ్మ మీద పడుతుంది.

నీ కథకు రెండు బొమ్మలు చాలు. రెండోది నక్క దొరికిపోయినప్పటిది వద్దు. రాజు వంగి మంచం కిందికి చూడబోతున్నప్పుడు, చెయ్యి దుప్పటి అంచు మీద ఉన్నప్పుడు ఆపు. అది ఏ పేరా పక్కన పడాలో మార్జిన్లో గీత పెట్టు, లేకుంటే పేజీలు కట్టేవాళ్లు ఖాళీ ఉన్నచోట వేసేస్తారు. బొమ్మల చీటీ విడిగా రాయి: ఎవరెవరున్నారు, చేతిలో ఏముంది, ఎటు చూస్తున్నారు, పగలా రాత్రా. అంతకుమించి చెప్పకు, గీసేవాళ్ల చెయ్యి కట్టేసినట్టవుతుంది. కథకు అవసరమైన గుర్తులు మాత్రం తప్పక రాయి. నీ నక్కకు తోక కొస తెగి ఉందన్నావు, చివర్లో పట్టించేది అదే. మొదటి బొమ్మలో నిండు తోక పడిందంటే కథే కూలిపోతుంది.

వేషం వాక్యాలు కొట్టేసి, చీటీ జతచేసి మళ్లీ పంపు.

మీ అన్న