ఆఫీసు వేళల్లోనే వ్యాయామం కుదురుతుందా? కోఠిలో ఒక బ్యాంకు ఆఫీసు నుంచి నా అనుభవం

మీరు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని రాశారు. వయసు 34, పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలితే మళ్లీ రాత్రి ఎనిమిదికే చేరడం, జిమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టి మానేయడం. "ఆఫీసులో ఉన్న టైంలోనే ఏదైనా చేసుకోవచ్చా, దానివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?" అన్నది మీ ప్రశ్న.

చేసుకోవచ్చు, ఉపయోగం ఉంటుంది. మూడేళ్లుగా చేస్తున్నాను కాబట్టి ఇంత నమ్మకంగా చెబుతున్నాను. నాకు 47 ఏళ్లు. కోఠిలో ఒక బ్యాంకు ఆఫీసులో ఇంటి లోన్ల ఫైళ్లు పరిశీలించే సెక్షన్‌లో పని. ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) పేరు, సేల్ డీడ్‌లో పేరు, లింక్ డాక్యుమెంట్లలో (అంతకుముందు చేతులు మారిన పత్రాలు) హద్దులు సరిపోల్చుకుంటూ రోజంతా కుర్చీలోనే. ఇల్లు కూకట్‌పల్లి, రాకపోకలు మెట్రోలో.

ఆఫీసు తరఫున చేయించిన హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. మా నాన్నకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఆ రిపోర్టు బ్యాగులో పెట్టుకుని ఇంటికి వెళ్తున్నంతసేపూ ఆయన కాలి కట్టే కళ్లముందు కదిలింది. కట్టు మార్చే రోజు ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

డాక్టరుగారు రోజూ గంటసేపు నడవమన్నారు. పొద్దున ఐదుకి లేచి కాలనీ పార్కులో మొదలుపెట్టాను. మూడు వారాలు సాగింది. పిల్లల పరీక్షలు వచ్చాయి, ఒకరోజు ఆగింది, ఆ ఒకరోజు వారమైంది, అంతే. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. ఖాళీ గంట అనేది ఎక్కడో పడి ఉండదు, వెతికితే దొరకదు. కానీ మధ్యాహ్నం భోజనం ఎలాగూ చేస్తాం. ఆఫీసులోకి ఎలాగూ ఎక్కుతాం, సాయంత్రం ఎలాగూ దిగుతాం. ఫోన్లు ఎలాగూ మాట్లాడతాం. వాటికే నడకను ముడివేస్తే వేరే టైం అక్కర్లేదు. మీరు కూడా ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముందు మధ్యాహ్నం నడక. ఒక్కటే చేయగలను అంటే ఇదే చేయమంటాను. మాకు లంచ్ అరగంట. బాక్సు తినడానికి పావుగంట పడుతుంది. మిగతా పావుగంట ఇదివరకు ఫోన్ చూస్తూ గడిచిపోయేది. ఇప్పుడు చెయ్యి కడుక్కోగానే కిందికి దిగిపోతాను. మా వీధిలో ఫుట్‌పాత్ మీద బళ్లు, స్కూటర్లు, నడిచే చోటు తక్కువ. అందుకే కాంపౌండ్ లోపలే తిరుగుతాను. జనరేటర్ గది దగ్గర మొదలై, వేపచెట్టు చుట్టి, పార్కింగ్ వెనకనుంచి మళ్లీ జనరేటర్ దగ్గరికి వస్తే నేను వేసే అడుగులు 140. పన్నెండు నిమిషాల్లో తొమ్మిది, పది చుట్లు వస్తాయి. ఏప్రిల్, మే ఎండలో కాంపౌండ్ కుదరదు కాబట్టి రెండో అంతస్తు వరండా. అక్కడ ఈ చివరినుంచి ఆ చివరికి నేను వేసే అడుగులు 46.

మా నాయనమ్మ "తిన్నాక నూరడుగులు వెయ్యి" అనేది. దాని వెనక ఉన్న కారణం నాకు డాక్టరుగారు చెప్పారు. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ సమయంలో పిక్కలు, తొడలు పనిచేస్తే ఆ కండరాలు చక్కెరను లాక్కుని వాడేసుకుంటాయి, ఇన్సులిన్ మీద భారం తగ్గుతుంది. నాకు కళ్లతో చూస్తే తప్ప నమ్మకం కుదరదు. గ్లూకోమీటర్ కొని, ఒకే రకం భోజనం తిని, ఒక వారం నడవకుండా, ఒక వారం నడిచి, రెండు గంటలకి వేలు గుచ్చుకుని చూసుకున్నాను. నడవని రోజుల్లో 165 అటూ ఇటూ ఉంటే నడిచిన రోజుల్లో 140 అటూ ఇటూ వచ్చింది. మనిషినిబట్టి ఈ అంకె మారుతుంది. నాకు మాత్రం ఆ రెండు వారాల కాగితమే గురువు.

ఇంకో లాభం నేను అనుకోనిది. మూడు గంటలకి వచ్చే మగత పోయింది. అంతకుముందు ఆ టైంలో ఒకే ఈసీని మూడుసార్లు చదివినా బుర్రకి ఎక్కేది కాదు. ఒకసారి సర్వే నంబరులో తేడా చూసుకోకుండా ఫైలు పైకి పంపేశాను, రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మీది కోడ్ రాసే పని, మధ్యాహ్నం మగతలో జరిగే తప్పులు మీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత మెట్లు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి రోజే ఉత్సాహంగా నాలుగు అంతస్తులూ ఎక్కేశాను, అదీ మడమ ఎత్తున్న చెప్పులతో. సాయంత్రం ఆ నాలుగూ మెట్ల మీదే దిగాను కూడా. వారం తిరగకముందే కుడి మోకాలు పట్టేసింది, పదిహేను రోజులు లిఫ్టే గతి అయింది. మోకాలి మీద ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ బరువు పడుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పాక పద్ధతి మార్చాను. ఎక్కడం మెట్ల మీద, దిగడం లిఫ్టులో. మొదటి వారం ఒక్క అంతస్తే ఎక్కి మిగతా మూడింటికి లిఫ్టు. వారానికో అంతస్తు పెంచుకుంటూ నెలకి నాలుగుకి చేరాను. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, ఒంటిని కొంచెం ముందుకు వంచి, తొడ బలంతో లేవాలి. చీర కట్టుకునేవాళ్లు ఒక చేత్తో కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, రెండో చెయ్యి రెయిలింగ్ మీద ఉంచాలి. కాగితాలు, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని ఎక్కొద్దు. నా టేబుల్ కింది సొరుగులో స్టాంప్ ప్యాడ్ల పక్కన ఒక జత కాన్వాసు బూట్లు ఎప్పుడూ ఉంటాయి. చీర మీద బూట్లేమిటి అనిపించేది నాకూ మొదట్లో. ఆ మొహమాటం వారం రోజులే.

మా నాలుగో అంతస్తుకి 88 మెట్లు. పొద్దున ఒకసారి, లంచ్ తర్వాత ఒకసారి, రెండో అంతస్తులో సంతకాల పని పడితే ఇంకోసారి. ఫైలు అటెండర్‌తో పంపకుండా నేనే తీసుకెళ్తాను. మొదట్లో మూడో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేదాన్ని. మా సెక్యూరిటీ అతను "మేడమ్, లిఫ్టు బాగానే ఉంది కదా" అని కంగారుగా అడిగేవాడు. ఇప్పుడు ఆగకుండా ఎక్కి సీట్లో కూర్చోగానే మామూలుగా మాట్లాడగలను.

ఈ మెట్ల సంగతికి ఒక పాత లండన్ పరిశోధన గుర్తుచేస్తాను, చదివినప్పుడు నాకు చాలా ధైర్యం ఇచ్చింది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ, కండక్టర్లనీ పోల్చి చూశారు. అదే సంస్థ, అదే బస్సు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్ల కోసం రోజంతా మెట్లెక్కి దిగుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆ కండక్టర్లు ఎవరూ జిమ్‌కి వెళ్లి సాధించింది కాదు అది, పని చేస్తూ చేస్తూ ఒంటికి అందింది.

"ముక్కలు ముక్కలుగా చేస్తే లెక్కలోకి వస్తుందా" అని మీకు సందేహం ఉంటుంది, నాకూ ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం చెబుతుంది. మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలం కానీ పాట పాడలేం, అంత వేగం. ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఆపకుండా చేస్తేనే లెక్క అనేవారు. 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు లేదు. రెండు నిమిషాల మెట్లు కూడా లెక్కే. అలాగే రోజుకి 10,000 అడుగులు వేయలేకపోతున్నానని దిగులు వద్దు. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరునుంచి వచ్చింది, వైద్యుల లెక్కనుంచి కాదు.

నా వారం ఇలా ఉంటుంది. మధ్యాహ్నం నడక పన్నెండు నిమిషాల చొప్పున ఐదు రోజులు, గంట. సాయంత్రం ఆఫీసు దగ్గరున్న ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో ఎక్కకుండా మొజంజాహీ మార్కెట్ మీదుగా గాంధీభవన్ స్టేషన్ దాకా నడుస్తాను. వారానికి నాలుగు రోజులు కుదిరినా మరో గంట. మెట్లన్నీ కలిపితే అరగంట. 150 నిమిషాలు నిండాయి, ఇంటి టైంలో తీసుకున్నది సాయంత్రం నడకకి పట్టే ఆ కొన్ని నిమిషాలే. మీరు కంపెనీ క్యాబ్‌లో వెళ్తే మీ బ్లాక్ ముందు కాకుండా క్యాంపస్ గేటు దగ్గరే దిగండి. ఎక్కువసేపు వినడమే ఉండే కాల్స్ అయితే హెడ్‌సెట్ పెట్టుకుని లేచి నడవండి.

కండరాల బలానికి వారానికి రెండు రోజులు వేరుగా చేయాలి, ఇది నడకతో రాదు. నేను మంగళ, శుక్రవారాల్లో లంచ్ రూములో ఐదు నిమిషాలు చేస్తాను. గోడకి చేతులానించి ముందుకీ వెనక్కీ పది సార్లు, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పది సార్లు లేచి కూర్చోవడం, మళ్లీ ఒక విడత. చక్రాల కుర్చీతో మాత్రం చేయకండి. లేవగానే అది వెనక్కి జారిపోతుంది, కూర్చోబోతే కింద పడతారు. విజిటర్ల కుర్చీ గోడకి ఆనించి వేసుకోండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి "సీట్లో లేరు" అన్న మాట. మొదట్లో ఒక పై అధికారి నలుగురి ముందు "వాకింగ్‌కి వచ్చారా, ఆఫీసుకి వచ్చారా" అన్నారు. చాలా బాధ పడ్డాను, రెండు రోజులు దిగలేదు కూడా. మూడో రోజు వెళ్లి రిపోర్టు చూపించి, లంచ్ అరగంట దాటనని, రెండున్నరకి ఫైలు ముందు ఉంటానని చెప్పాను. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు. మళ్లీ ఎప్పుడూ ఏమీ అనలేదు. మీరు కూడా దాక్కుని చేయకండి, మీ మేనేజరుకి ముందే ఒక మాట చెప్పేయండి.

తోడు దొరికితే ఇంకా మంచిది. మా సెక్షన్‌లో నాకన్నా పెద్ద ఆవిడ ఒకరున్నారు, అక్కా అని పిలుస్తాను. ఒకరోజు ఆవిడే "నేనూ వస్తా, మెల్లగా నడువు" అంటూ చెప్పులేసుకుని వచ్చారు. ఇప్పుడు నేను బద్ధకిస్తే ఆవిడే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడతారు.

మార్చి నెలాఖరు మాకు చాలా కష్టం. సాయంత్రం నడక, కండరాల వ్యాయామం అన్నీ ఆగిపోతాయి. అప్పుడు మధ్యాహ్నం నడక ఒక్కటి వదలను, ఐదు నిమిషాలైనా సరే. దాన్ని పట్టుకుని ఉంటే ఏప్రిల్‌లో మిగతావి వాటంతట అవే తిరిగి వస్తాయి. మీకు రిలీజ్ వారాలు ఉంటాయి కదా, అప్పుడు ఇలాగే చేయండి.

తొమ్మిది నెలలకి నా హెచ్‌బీఏ1సీ 5.7కి దిగింది, ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంది. అంతా నడక గొప్పే అనను. టీలో చక్కెర మానేశాను, మధ్యాహ్నం అన్నం సగం చేసి కూర పెంచాను. బరువు తగ్గింది మూడు కిలోలే. ఆయాసం, నడుము పట్టేయడం మాత్రం బాగా తగ్గాయి.

ఒక జాగ్రత్త. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోయి డాక్టరుకి చూపించుకోండి. ఇప్పటికే షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లకి నడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి.

మీ ఆఫీసు ఎన్నో అంతస్తో, లంచ్ ఎంతసేపో, క్యాబ్ ఎక్కడ దింపుతుందో రాయండి. మీ రోజులో నడకని ఎక్కడెక్కడ ముడివేయొచ్చో ఆలోచించి ఇక్కడే మళ్లీ రాస్తాను.