ఆప్షనల్ ఫీల్డ్ ఖాళీగా వదిలేసినా ఎర్రర్ ఎందుకు వస్తుంది?

రెండో ఈమెయిల్ ఫీల్డ్‌కి జోడ్ (Zod, డేటా సరిగా ఉందో చూసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) స్కీమాలో, అంటే రూల్స్ రాసే చోట, ఆప్షనల్ అని పెట్టినా, ఖాళీగా సబ్మిట్ చేస్తే "ఈమెయిల్ సరిగా లేదు" అని వస్తోందన్నారు. టెక్స్ట్ ఇన్‌పుట్‌లో ఏమీ టైప్ చేయకపోయినా బ్రౌజర్ ఆ ఫీల్డ్‌ని వదిలేయదు, ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని టెక్స్ట్) పంపుతుంది. జోడ్ దృష్టిలో ఆప్షనల్ అంటే అన్‌డిఫైన్డ్ (అసలు విలువే ఇవ్వకపోవడం) వచ్చినా ఫరవాలేదని, అంతవరకే. ఖాళీ స్ట్రింగ్ అన్‌డిఫైన్డ్ కాదు కాబట్టి నేరుగా ఈమెయిల్ చెక్‌లోకి వెళ్లి ఫెయిలవుతుంది. ఇలాంటిదే మరో లైబ్రరీ క్లాస్ వాలిడేటర్‌లో ఈజ్ ఆప్షనల్ కూడా నల్ (విలువ లేదని చెప్పే గుర్తు), అన్‌డిఫైన్డ్ వస్తేనే మిగతా రూల్స్ ఆపుతుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో అయితే 5.4 వెర్షన్ నుంచి ఖాళీ స్ట్రింగ్‌ని నల్‌గా మార్చే మిడిల్‌వేర్ (రిక్వెస్ట్ మీ కోడ్‌కి చేరేలోపు నడిచే కోడ్) ముందే ఉంది, అందుకే అక్కడ నల్లబుల్ (నల్ వచ్చినా సరే అనే) రూల్ రాయాలి.

మీ దగ్గర చేయాల్సింది: ఫార్మాట్ చూసేలోపే జోడ్ ప్రీప్రాసెస్‌లో (చెక్‌కి ముందు విలువని మార్చే ఫంక్షన్) ట్రిమ్ చేసి, అంటే అటూఇటూ ఉన్న స్పేసులు తీసేసి, ఖాళీ మిగిలితే అన్‌డిఫైన్డ్‌గా మార్చండి. ఆప్షనల్‌ని ప్రీప్రాసెస్ లోపలి స్కీమాకే తగిలించాలి. బయట తగిలిస్తే ఖాళీ స్ట్రింగ్ లోపలికెళ్లి అన్‌డిఫైన్డ్ అవుతుంది, లోపలి స్కీమా దాన్ని ఒప్పుకోదు, మళ్లీ ఎర్రరే. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

దీని బదులు ఖాళీని కూడా ఒప్పుకునేలా రెగెక్స్ (ఈమెయిల్ ఆకారాన్ని చూసే ప్యాటర్న్) మార్చమని కొందరు చెబుతారు. వద్దు. ఎవరైనా పొరపాటున ఒక స్పేస్ కొడితే ఖాళీగా కనిపిస్తున్న బాక్స్ కింద ఎర్రర్ వస్తుంది, పాపం వాళ్లకు ఏం దిద్దాలో తెలియదు. పైగా డేటాబేస్‌లోకి ఖాళీ స్ట్రింగ్స్ చేరతాయి. ఆ కాలమ్‌కి యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే రూల్) ఉంటే ఈమెయిల్ ఇవ్వని రెండో మనిషి దగ్గరే డూప్లికేట్ ఎర్రర్. నల్ అయితే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లు ఎన్నైనా తీసుకుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం ఒక్క నల్‌నే ఒప్పుకుంటుంది, అక్కడ నల్స్‌ని మినహాయించే ఫిల్టర్డ్ ఇండెక్స్ వేసుకోవాలి.

నంబర్ ఫీల్డ్స్ ఇంకా ప్రమాదం, ఎర్రర్ కూడా రాదు కాబట్టి. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్‌గా మారిస్తే 0 వస్తుంది. జోడ్‌లో టైప్ మార్చే కోయెర్స్ చేసేదీ అదే. అనుభవం ఎన్నేళ్లో చెప్పని మనిషికి 0 ఏళ్లు అని సేవ్ అవుతుంది. ఖాళీని తీసేశాకే నంబర్‌గా మార్చండి.

ఇంకో సంగతి బ్రౌజర్ దగ్గరే చూసుకోవాలి. తేదీ ఫీల్డ్‌లో రోజు, నెల పెట్టి సంవత్సరం మరిచిపోతే, లేదా నంబర్ ఫీల్డ్‌లో 12 పక్కన ఇంగ్లిష్ e అక్షరం కొట్టి ఆపేస్తే, ఆ ఇన్‌పుట్ వ్యాల్యూ ఖాళీ స్ట్రింగే. ఫారంకి నోవాలిడేట్ పెట్టి (బ్రౌజర్ సొంత చెక్‌లు ఆపేసి) మీ కోడ్‌తోనే చెక్ చేస్తుంటే "ఖాళీనే కదా, ఆప్షనల్" అని దాటిపోతుంది, యూజర్ టైప్ చేసింది చప్పుడు లేకుండా పోతుంది. ఆ ఇన్‌పుట్ వాలిడిటీలో బ్యాడ్‌ఇన్‌పుట్ (టైప్ చేసింది బ్రౌజర్‌కి అర్థం కాలేదనే గుర్తు) ట్రూ ఉందేమో సబ్మిట్‌కి ముందే చూడండి. సర్వర్‌కి ఈ తేడా తెలిసే దారి లేదు.

ఎడిట్ ఫారం అయితే అన్‌డిఫైన్డ్ పనికిరాదు. జేసన్‌గా మార్చేటప్పుడు అన్‌డిఫైన్డ్ ఉన్న కీ రాలిపోతుంది. ప్యాచ్ రిక్వెస్ట్‌లో (మారిన ఫీల్డ్స్ మాత్రమే పంపే రిక్వెస్ట్) కీ లేకపోతే "ముట్టుకోవద్దు" అని సర్వర్ అనుకుంటుంది, యూజర్ చెరిపేసిన పాత ఈమెయిల్ అలాగే ఉండిపోతుంది. అక్కడ ఖాళీని నల్‌గా మార్చి, స్కీమాలో నల్లబుల్ కూడా కలపండి.

టెస్ట్ రాసేటప్పుడు ప్రతి ఆప్షనల్ ఫీల్డ్‌కీ ఈ ఆరూ ఇచ్చి చూడండి: కీ లేకుండా, నల్, ఖాళీ స్ట్రింగ్, మూడు స్పేసులు, సరైన విలువ, తప్పు విలువ. చివరిది కచ్చితంగా ఫెయిలవ్వాలి. ఖాళీని ఒప్పించే హడావుడిలో ఫార్మాట్ చెక్ మొత్తం ఎగిరిపోయి ఉంటే బయటపడేది అక్కడే.