రూపాయి వేస్తే టికెట్ వచ్చే పాత బరువు మెషిన్ కొంటున్నారా? దాన్ని డిజిటల్ మాత్రం చేయించకండి

రైల్వే స్టేషన్లలో ఉండే, రూపాయి వేస్తే బరువు టికెట్ ఇచ్చే పాత మెషిన్ ఎక్కడ దొరుకుతుంది, ఇంట్లో పెట్టుకుంటే ఎలా చూసుకోవాలి అని అడిగారు. పాత ఇనప సామాన్ల కొట్లలో వెతకండి. హైదరాబాద్‌లో ఉంటే గురువారం జరిగే పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్ వైపు వెళ్లి అడుగుతూ ఉండండి. అంతకంటే ముఖ్యమైన విషయం వేరే ఉంది.

నా మెషిన్ తుక్కు కొట్లో దొరికింది. రంగుల లైట్లు, తిరిగే చక్రం అన్నీ ఉన్నాయి, కానీ రూపాయి వేస్తే కింద గిన్నెలోకి జారిపోయేది. చూసిన మెకానిక్ "సార్, ఈ మీటలన్నీ పీకేసి లోడ్‌సెల్, అంటే కరెంటుతో బరువు కొలిచే సెన్సర్ పెడదాం, పైన ఎల్‌ఈడీ డిస్‌ప్లే, క్యూఆర్ కోడ్ కూడా పెట్టొచ్చు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అలా చేశాక మిగిలేది ఇనప బీరువా, మెషిన్ కాదు. ఈమధ్య కాఫీ షాపుల్లో ఇలా లోపలంతా ఖాళీ చేసి నిలబెట్టినవి చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అతన్ని పంపించేసి నాణెం వెళ్లే దారి చూశాను. మెషిన్‌లో తప్పేం లేదు, తప్పంతా నాణేనిది. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో దాన్ని 22 మిల్లీమీటర్లకు, 3.79 గ్రాములకు తగ్గించారు, అంటే అచ్చం పాత అర్ధరూపాయంత. ఆ బరువుకు లోపలి చిన్న మీట వంగదు. అయితే అదే 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ల సరిగ్గా పాత రూపాయి కొలతే! అది వేశాను. టక్‌మని మీట వంగింది, మోటారు గుర్రుమంది, టికెట్ బయటికొచ్చి పడింది. ఒక పక్క హీరోయిన్ బొమ్మ, రెండో పక్క నా బరువు, జాతకం. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. 2019 నుంచి వచ్చిన రెండు రూపాయలు మళ్లీ చిన్నవి, అవి పనికిరావు. నాణేలు మార్చేటప్పుడు ఈ మెషిన్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

ఇక మెయింటెనెన్స్. నాణెం దారిలో నూనె, స్ప్రే ఏదీ కొట్టొద్దు. జిడ్డుకు దుమ్ము పట్టి నాణెం ఇరుక్కుంటుంది. పొడిగుడ్డతో తుడవండి, మరీ బిగుసుకుంటే కాస్త గ్రాఫైట్ పొడి చాలు. వైరింగ్ మాత్రం మొహమాటం లేకుండా మార్పించండి, ఎర్త్ తప్పనిసరి. జనం చెప్పులు విప్పి ఎక్కేది ఇనప పలక మీదికి, ఇందులో రాజీ పడకూడదు. తూకం సరిచూడటానికి 25 కిలోల బియ్యం బస్తా ఒకసారి, రెండు బస్తాలు కలిపి ఒకసారి పెట్టి చూడండి. రంగు ఊడినచోట తుప్పు ఆపండి చాలు, కొత్త పెయింట్ వద్దు.

మెషిన్‌ని గదిలో పెట్టి తాళం వేయకండి. వచ్చిన చుట్టాలందరి చేతా నాణెం వేయించండి, ఆడకపోతే మీటలు బిగుసుకుపోతాయి. టికెట్ అట్టలు మాత్రం వానాకాలంలో డబ్బాలో మూతపెట్టి ఉంచండి. చెమ్మకు ఉబ్బితే లోపలే ఇరుక్కుంటాయి, అప్పుడు మళ్లీ వెనక తలుపు విప్పాలి.