జ్వరం లేదు, ఆవకాయ వాసన తెలుస్తోంది, అయినా ఫ్లైట్ ఎక్కనివ్వలేదు

మీరు అడిగింది: “మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే ఫ్యామిలీతో విదేశాలకు సరదాగా వెళ్లొచ్చా? ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే సరిపోతుందా?”

వెళ్లొచ్చు. ఇన్సూరెన్స్ మాత్రం సరిపోదు. అది జబ్బు చేస్తే డబ్బిస్తుంది. ఆ రోజుల్లో టూరిస్టుని ముంచేది జబ్బు కాదు, రిపోర్టు. ఆ తేడా నాకు దుబాయ్‌లో, సరిగ్గా భోగి పండగ పొద్దున్న తెలిసింది.

2022 సంక్రాంతి సెలవులకి నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల మా వాడు, మా మామయ్యగారు కలిసి దుబాయ్‌లో ఎక్స్‌పో, అంటే దేశదేశాల వాళ్లు పెట్టే పెద్ద ప్రదర్శన, చూద్దామని హైదరాబాద్ నుంచి బయల్దేరాం. పేరు ఎక్స్‌పో 2020, జరిగింది మాత్రం 2021 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా. కోవిడ్ వల్ల ఏడాది వాయిదా వేశారు, పేరు మార్చలేదు. కోవిడ్‌లో కొత్త రకం ఒమిక్రాన్ అప్పుడే ఊపందుకుంటోంది. ఇంట్లో అందరూ వద్దన్నారు. మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. “రెండు డోసులూ అయ్యాయి కదా అల్లుడుగారూ, ఇప్పుడు చూడకపోతే నేనింకెప్పుడు చూస్తాను?” అన్నారు. ఇంక నేనేం మాట్లాడను.

టెస్టుల సంగతి. అప్పటి రూలు ప్రకారం బయల్దేరే 48 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలి, రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. మళ్లీ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, ఫ్లైటుకి ఆరు గంటల లోపు ర్యాపిడ్ పీసీఆర్. దుబాయ్‌లో దిగాక ఇంకోటి. అప్పట్లో ఊళ్లో ల్యాబులో 500 రూపాయలకి చేసిన టెస్టుకి ఎయిర్‌పోర్టులో తలకి నాలుగు వేలకి కాస్త అటూ ఇటూ వదిలింది. ఆ ర్యాపిడ్ టెస్టుని మేం తిరిగొచ్చి నెల కాకముందే, ఫిబ్రవరి 22న ఎత్తేశారు. మా నాలుగు వేలు ఎవరిస్తారు?

ఇంకో తలనొప్పి మన తెలుగువాళ్లకే ప్రత్యేకం. మన ఇంటిపేర్లు. పాస్‌పోర్టులో మామయ్యగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది. ల్యాబులో కుర్రాడు ఆధార్ కార్డు చూసి ఒక్క పొడి అక్షరం కొట్టి, చుక్క పెట్టి, రిపోర్టు ఇచ్చేశాడు. చెక్ ఇన్ కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు చూస్తుంది, రిపోర్టు చూస్తుంది, మళ్లీ పాస్‌పోర్టు చూస్తుంది. మా వెనక క్యూ పెరిగిపోతోంది. పాస్‌పోర్టు నంబరు రిపోర్టు మీద ఉండబట్టి బతికిపోయాం. ఎవరు టెస్టుకి వెళ్లినా ఆధార్ ఇవ్వకండి, పాస్‌పోర్టే ఇవ్వండి. ఈ ఒక్క ముక్కకే నా జవాబుకి అప్‌వోట్ వెయ్యొచ్చు.

అక్కడ ఐదు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. ఒక సూట్‌కేసు మాత్రం మాతో రాలేదు, మర్నాడు హోటల్‌కి పంపారు. ఆ సంగతి చివర్లో చెప్తా.

తిరుగు ప్రయాణం జనవరి 15వ తేదీ రాత్రి. అప్పట్లో ఇండియా రావాలంటే 72 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్ నెగటివ్ ఉండాలి, విదేశాల నుంచి వచ్చేవాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టిన ఎయిర్ సువిధ పోర్టల్లో అప్‌లోడ్ చెయ్యాలి. దుబాయ్ వెళ్లేటప్పుడు పన్నెండేళ్ల లోపు పిల్లలకి టెస్టు లేదు. ఇండియా వచ్చేటప్పుడు ఐదేళ్ల లోపు వాళ్లకే మినహాయింపు. అంటే మా వాడికీ ముక్కులో పుల్ల తప్పలేదు. క్లినిక్ అంతా వినపడేలా ఏడ్చాడు. 13వ తేదీ సాయంత్రం నలుగురం ఇచ్చాం, తలకి 150 దిర్హాములు, అంటే అప్పటి లెక్కలో మూడు వేలు.

14వ తేదీ పొద్దున్న ఆరున్నరకి మెసేజ్‌లు వరసగా వచ్చాయి. నాది నెగటివ్. మా ఆవిడది, మా వాడిది కూడా. నాలుగోది పాజిటివ్.

మామయ్యగారికి దగ్గు లేదు, జ్వరం లేదు, రాత్రి పరోటాలు రెండు ఎక్కువే తిన్నారు. చెప్పగానే ఏమీ మాట్లాడలేదు. లేచి, బ్యాగులోంచి మా అత్తయ్యగారు పెట్టిన ఆవకాయ సీసా తీసి, దానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు, రెండో కవరు ఒక్కొక్కటే విప్పి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారు. “ఇంగువ కూడా తెలుస్తోంది బాబూ” అన్నారు. డాక్టరు ముందు సాక్ష్యం చెప్తున్నట్టు సీసా నా వైపు చాపారు. నేనూ వాసన చూశాను. ఏం చెయ్యను మరి?

పది రోజులు ఐసొలేషన్. ఆయన్ని అక్కడ ఒంటరిగా వదిలి ముగ్గురం వచ్చేయలేం కదా, అందరం ఆగిపోయాం. రెండు గదులు కావాలన్నాం. అది ఎక్స్‌పో సీజన్. నిన్నటి దాకా ఉన్న రేటు ఇవాళ లేదు, గదికి రోజుకి మూడు వందల దిర్హాములు. మా అదృష్టం, తెలంగాణలో బడుల సెలవులు జనవరి 30 దాకా పొడిగించారు, మా వాడి చదువుకి నష్టం లేదు. మా ఆవిడ ఆఫీసు పని ఆ గదిలోంచే చేసింది. సంక్రాంతి నాడు దుబాయ్‌లోనే కరామా అనే పేటలో ఒక మెస్ నుంచి పులిహోర తెప్పించి, మామయ్యగారి గది గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, వెనక్కి వచ్చేశాం. కోడి పందేల వీడియోలు ఫోన్లో చూసుకుంటూ తిన్నారు పాపం.

అప్పుడు గుర్తొచ్చింది ఇన్సూరెన్స్. యాభై వేల డాలర్ల కవర్, “కోవిడ్ కూడా కవర్ అవుతుంది సార్” అని ఏజెంటు మూడుసార్లు చెప్పాడు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా. పాట విన్నా. ఇరవై నిమిషాల తర్వాత ఒక అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది:

“పేషెంట్ ఏ హాస్పిటల్లో అడ్మిట్ అయ్యారు సార్?”

“అడ్మిట్ కాలేదమ్మా, హోటల్లో ఉన్నారు.”

“అయితే డిశ్చార్జి సమ్మరీ మెయిల్ చేయండి సార్.”

“అడ్మిటే కాని మనిషికి డిశ్చార్జి సమ్మరీ ఎక్కడి నుంచి తేనమ్మా?”

“ఆ డాక్యుమెంట్ లేకుండా క్లెయిమ్ ప్రాసెస్ కాదు సార్.”

ఆ పిల్లని అని ఏం లాభం, స్క్రీన్ మీద ఉన్నదే చదువుతోంది. పాలసీ పీడీఎఫ్ మామయ్యగారికి వాట్సాప్‌లో పంపా. గదిలో ఆయనకి వేరే పనేముంది, రెండు రోజుల్లో మొత్తం చదివేశారు. తర్వాత వీడియో కాల్‌లో పాఠం చెప్పారు. “పదిహేడో పేజీ చూడండి అల్లుడుగారూ. కోవిడ్ నిర్ధారణ అయి, ‘మరియు’ ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలు చేరి ఉంటే అని రాశారు. ‘లేదా’ కాదు, ‘మరియు’. రెండూ నిజమైతేనే డబ్బులు. నాకు ఒకటే నిజం.” నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఏజెంటు మూడుసార్లు చెప్పినదాన్ని ఒక్క మాటతో కొట్టేశారు.

ఇది మా ఒక్కరి గోలే అనుకోకండి. థాయ్‌లాండ్‌కి వెళ్లాలంటే 2021 నవంబరులో యాభై వేల డాలర్ల కవర్ ఉండాలన్నారు, తర్వాత ఇరవై వేలు, తర్వాత పది వేలు అన్నారు, 2022 జూలైకి అసలు అక్కర్లేదన్నారు. అక్కడా లక్షణాలు లేకుండా పాజిటివ్ వచ్చినవాళ్లని ఆసుపత్రికో, ఆసుపత్రిగా మార్చిన హోటల్‌కో పంపితే, వైద్యం అవసరం లేని మనిషికి డబ్బులివ్వం అని చాలా విదేశీ పాలసీలు చేతులెత్తేశాయి. నా అభిప్రాయం అడిగితే, దేశాలు ఇన్సూరెన్స్ అడిగేది మన మీద ప్రేమతో కాదు, వాళ్ల ఆసుపత్రుల బిల్లు ఎగ్గొట్టకుండా. అందుకే వీసాకి పనికొచ్చే పాలసీ వేరు, మనకి పనికొచ్చే పాలసీ వేరు.

పది రోజులయ్యాయి కదా అని 23న మళ్లీ టెస్టు చేయిస్తే మళ్లీ పాజిటివ్. వైరస్ చచ్చినా దాని ముక్కలు వారాల తరబడి ఈ టెస్టుకి దొరుకుతూనే ఉంటాయి, డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. దుబాయ్ లెక్కలో ఆయన బయట తిరగొచ్చు. ఇండియా లెక్కలో విమానం ఎక్కకూడదు. ఎక్స్‌పోకి మళ్లీ తీసుకెళ్తానంటే “వద్దు బాబూ, ఇంటికి తీసుకెళ్లండి చాలు” అన్నారు. 26న నెగటివ్ వచ్చింది, 27న ఎక్కాం. గదులకే లక్షా నలభై వేల పైన అయింది, టికెట్ల మార్పు అదనం. ఇంతా చేసి ఇంటికొచ్చాక ఏడు రోజులు హోమ్ క్వారంటైన్, ఎనిమిదో రోజు ఇంకో టెస్టు. ఆ రూలు మేం దుబాయ్‌లో ఉండగా జనవరి 11న అమల్లోకి వచ్చింది.

కాబట్టి పాలసీ కొనే ముందు ఏజెంటుని “కోవిడ్ కవర్ అవుతుందా” అని అడగకండి, అవుతుందనే అంటాడు. “లక్షణాలు లేకుండా పాజిటివ్ వచ్చి హోటల్లో ఆగిపోతే రోజుకి ఎంతిస్తారు, ఎన్ని రోజులిస్తారు, అది ఏ పేజీలో ఉంది” అని అడగండి. పేజీ నంబరు చెప్పలేకపోతే ఆ ప్రీమియం డబ్బులు పక్కన పెట్టి, పది రోజుల గది అద్దె చేతిలో ఉంచుకుని వెళ్లండి. అది లేకపోతే ఆ ఏడాది అరకు వెళ్లండి, బాగుంటుంది.

సూట్‌కేసు సంగతి చెప్తానన్నాను కదా. అది మా వాడిది. పన్నెండు గంటలు దాటి ఆలస్యమైందని ఎయిర్‌లైన్ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. ఊరికే ప్రయత్నిద్దామని దాన్నీ ఇన్సూరెన్స్‌కి పంపా. మూడు వారాల్లో వంద డాలర్లు అకౌంట్లో పడ్డాయి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మామయ్యగారికి చెప్తే కాసేపు ఆలోచించి, “అందులో ఏముంది?” అని అడిగారు. వాడి నిక్కర్లు, రెండు బొమ్మ కార్లు అన్నాను.

“సరే, కార్లు ఖరీదైనవేమో” అన్నారు.