ఫ్రాన్స్ కోటల్లో గోడల నిండా ఆ ట్యాపెస్ట్రీలు ఎందుకు? వాటిని ఎలా చూడాలి?

మీ ప్రశ్న ఇది కదా: త్వరలో పారిస్ వస్తున్నారు, రాజుల కోటల ఫొటోల్లో గోడంతా కప్పేసే పెద్ద పెద్ద ట్యాపెస్ట్రీలు, అంటే మగ్గం మీద బొమ్మలు నేసిన గోడ బట్టలు, కనిపిస్తున్నాయి, కానీ రంగు వెలిసిన కార్పెట్ వేలాడదీసినట్టు ఉందే తప్ప వాటిలో గొప్పేమిటో అర్థం కావట్లేదు, బదులుగా పెయింటింగులు పెట్టుకుంటే సరిపోయేది కదా అని. నేను కొన్నేళ్లుగా పారిస్ దగ్గరే ఉంటున్నాను, మా నాన్నగారి వైపు అందరూ మగ్గం మీద బతికినవాళ్లు, అందుకే ఇక్కడ నేత ఎక్కడుందంటే అక్కడికి కాళ్లు వాటంతటవే వెళ్తాయి. కాస్త వివరంగానే చెప్తాను.

ముందు పెయింటింగు సంగతి. ఆ కాలంలో మంచి ట్యాపెస్ట్రీ పెయింటింగు కన్నా చాలా చాలా ఖరీదు. ఉన్ని, పట్టు, రాజుగారి సరుకైతే బంగారు వెండి జరీ కూడా, పైగా ఏళ్ల తరబడి పనివాళ్ల కూలి. రాజులు ఒక్క కోటలోనే కూర్చునేవాళ్లు కాదు, దర్బారు మొత్తం ఒక చోటు నుంచి ఇంకో చోటికి కదిలేది. ట్యాపెస్ట్రీలను చుట్టి బండ్లకెక్కించి, దిగిన చోట రాతి గోడలకు వేలాడదీస్తే, అప్పటిదాకా బోసిగా ఉన్న హాలు రాజుగారి హాలైపోయేది. చలి కాస్త ఆగేది, మాట గోడకు కొట్టుకుని మారుమోగడం తగ్గేది. అందుకే ఒక్కటి నేయించి ఊరుకునేవాళ్లు కాదు, ఒకే కథ మీద ఆరో ఎనిమిదో పన్నెండో వరసగా నేయించి గది చుట్టూ కట్టేవాళ్లు. మీరు ఫొటోలో చూస్తున్నది ఆ వరసలో ఒక ముక్క. అది గదికి వేసిన గోడ అనుకుని చూడండి, సగం అర్థమైపోతుంది.

ఇక నేత. పడుగు (మగ్గానికి ముందే బిగించి ఉంచే పోగులు), పేక (వాటికి అడ్డంగా దూర్చి నేసే పోగు) తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. మామూలు చీరలో పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నాడెతో పోతుంది. ఇక్కడ పోదు. ఎరుపు ఎంతవరకు కావాలో ఎర్ర పోగు అంతవరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది, దాని పక్కన నీలం కావాలంటే ఇంకో కండె (పోగు చుట్టిన పుల్ల) అక్కడ మొదలవుతుంది. గద్వాల చీరలో అంచు, మధ్య భాగం కలిసే చోట రెండు పేకలు ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి మళ్లుతాయి కదా, ఇక్కడైతే పోగు మళ్లే చోట్లు ఒక్క ముఖం బొమ్మలోనే లెక్కలేనన్ని. చాలాచోట్ల పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవు కూడా, మధ్యలో సన్నటి చీలిక ఉండిపోతుంది, దాన్ని తర్వాత సూదితో కుడతారు. పేకను గట్టిగా దించడం వల్ల పడుగు పూర్తిగా కప్పబడిపోతుంది. కనిపించే బొమ్మంతా పేకే.

మ్యూజియంలో చేయాల్సిన పని ఒకటి చెప్తాను. తాడు దాటకుండా వీలైనంత దగ్గరికెళ్లి పక్క నుంచి చూడండి. సన్నటి గీరలు అడ్డంగా కనిపిస్తాయి. అవి లోపలున్న పడుగు పోగులు. అంటే బొమ్మను మగ్గం మీద పక్కకు పడుకోబెట్టి నేసి, తర్వాత తిప్పి గోడకు వేలాడదీశారన్నమాట. అలా చేస్తే ట్యాపెస్ట్రీ ఎత్తు వరకే మగ్గం వెడల్పు ఉంటే చాలు, పొడవు ఎంతైనా నేసుకుంటూ పోవచ్చు. కానీ దానివల్ల ఒక కష్టం కూడా ఉంది: ఆ చీలికలన్నీ అడ్డంగా వస్తాయి, గుడ్డ బరువంతా వాటిని కిందికి లాగుతుంది. పాత ట్యాపెస్ట్రీలు ఎక్కువగా అక్కడే చిరుగుతాయి.

పారిస్‌లో ట్యాపెస్ట్రీలు నేసే గోబ్లాన్ వర్క్‌షాపులకు గైడెడ్ టూర్ దొరికితే అసలు వదులుకోకండి, ముందే బుక్ చేసుకోవాలి. పదిహేనో శతాబ్దంలో బియేవ్ర్ అనే చిన్న నది పక్కన గోబ్లాన్ కుటుంబం అద్దకం పని పెట్టింది, వాళ్ల పేరే ఆ చోటికి ఉండిపోయింది. 1662లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ ఆ స్థలాన్ని రాజు తరఫున తీసుకున్నాడు. అంతకు ముందే ఆర్థిక మంత్రి ఫూకే తన వో ల వికోంత్ కోట కోసం మేన్సీ అనే ఊళ్లో సొంత మగ్గాలు పెట్టుకున్నాడు. 1661లో రాజు అతన్ని అరెస్టు చేయించాడు, మగ్గాల మీదున్న పనివాళ్లను పారిస్‌కు రప్పించాడు, ఫూకేకు పనిచేసిన చిత్రకారుడు షార్ల్ ల బ్రన్‌నే గోబ్లాన్‌కు పెద్దగా పెట్టాడు. కోట కట్టుకున్నవాడు జైల్లో ఉంటే అతని మనుషులంతా రాజుగారి గోడలకు నేశారు.

లోపల నిటారు మగ్గాలు. నేసేవాళ్లు పడుగు వెనక కూర్చుంటారు, అంటే వాళ్లకు కనిపించేది బట్ట వెనక వైపు. వాళ్ల వీపు వెనక అసలు చిత్రం, పడుగుకు అవతల అద్దం. పోగుల సందులోంచి అద్దంలోకి చూసి ముందు వైపు సరిగా వస్తోందో లేదో సరిచూసుకుంటారు. పడుగు పోగుల మీద సిరాతో బొమ్మ గీతలు ముందే గుర్తుపెట్టి ఉంటాయి. ఎడమ చేత్తో కొన్ని పోగులు ముందుకు లాగడం, కుడి చేత్తో మొన తేలిన చెక్క కండెను దూర్చడం, అదే మొనతో పేకను పొడిచి దించడం. నేను చూస్తున్నంతసేపూ అక్కడి నేతగత్తె ఒక ఆకు అంచు దగ్గరే ఉన్నారు. ఒక మనిషి ఏడాదంతా నేస్తే దాదాపు ఒక చదరపు మీటరు వస్తుందట. అక్కడ నేసినవి అమ్మరు, ప్రభుత్వ భవనాలకే వెళ్తాయి.

ఇప్పుడు రంగు వెలిసిన సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. పారిస్‌లోని క్లూనీ మ్యూజియంలో 'లేడీ అండ్ ద యూనికార్న్' అని ఆరు ట్యాపెస్ట్రీలున్నాయి, 1500 ప్రాంతంవి. ఆ ఎరుపు ఇప్పటికీ కళ్లలో కొడుతుంది. అదే పద్దెనిమిదో శతాబ్దపు ట్యాపెస్ట్రీలు చూడండి, ముఖాలు పాలిపోయి, ఆకులు నీలంగా మారి ఉంటాయి. రెండొందల ఏళ్ల తర్వాతివి ముందు ఎందుకు పాడయ్యాయి? పాతవాళ్లు వాడినవి కొద్ది రంగులే, మంజిష్ఠ జాతి వేరు నుంచి ఎరుపు, మొక్కల నుంచి నీలం, పసుపు, ఎక్కువగా గట్టిగా నిలిచేవి. నీడ కావాలంటే రెండు రంగుల పోగుల్ని దువ్వెన పళ్లలా ఒకదాంట్లోకి ఒకటి దూర్చి నేసేవాళ్లు. తర్వాత ఊద్రీ అనే చిత్రకారుడు 1730లలో గోబ్లాన్ పని పర్యవేక్షణకు, బోవే ఊళ్లోని ఇంకో ట్యాపెస్ట్రీ వర్క్‌షాపుకు డైరెక్టరుగా వచ్చాడు. ట్యాపెస్ట్రీ అచ్చం ఆయిల్ పెయింటింగులా ఉండాలని పట్టుబట్టాడు. నేతవాళ్లు ఎదురు చెప్పారు, రంగు సంగతి మాకు తెలుసన్నారు, కానీ వాళ్ల మాట చెల్లలేదు. సన్నసన్నటి ఛాయల కోసం లెక్కలేనన్ని కొత్త రంగులు అద్దించారు, వాటిలో చాలా వెలుతురుకు ఆగలేదు. మగ్గం మీదున్నవాళ్ల మాట వినివుంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఊద్రీ, అదే కాలపు ఇంకో చిత్రకారుడు బూషే గీసినవి అందంగా లేవని కాదు, చాలా అందంగా ఉంటాయి, కానీ ఇప్పుడు మనం చూస్తున్నది ఆ అందంలో మిగిలింది మాత్రమే.

ఆకులు నీలమవడానికి కారణం కూడా అద్దకమే. నీలం మీద పసుపు అద్ది ఆకుపచ్చ తెప్పించేవాళ్లు, పసుపు ముందు పోతుంది, నీలం మిగులుతుంది. 1824లో గోబ్లాన్ అద్దకం విభాగానికి వచ్చిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త కథ ఇక్కడే చెప్పాలి. నలుపు రంగు సరిగా అద్దట్లేదని ఫిర్యాదులొస్తే, ఆయన పరీక్ష చేసి నలుపులో లోపం లేదని తేల్చాడు. నీలం పక్కన పెట్టడం వల్ల అది పేలవంగా కనిపిస్తోందట. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో పెద్ద పుస్తకమే వేశాడు, దాన్ని తర్వాత చిత్రకారులు బాగా చదివారు.

గది మొత్తం ట్యాపెస్ట్రీ అంటే ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం అమెరికాలో ఉన్న మీ బంధువుల దగ్గరికి వెళ్లినప్పుడు న్యూయార్క్ మెట్ మ్యూజియంలో క్రూమ్ కోర్ట్ గది చూడండి. ఒక ఇంగ్లీషు ప్రభువు 1763లో గోబ్లాన్‌కు ఆర్డరిచ్చాడు, 1771లో బిగించారు. ఎర్రటి గోడ, దాని మీద బంగారు ఫ్రేములు, ఫ్రేముల్లో బూషే బొమ్మలు, ఫ్రేము నీడ గోడ మీద పడ్డట్టు కూడా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే అన్నీ నేతే, ఫ్రేమూ నేతే, నీడా నేతే. కుర్చీల గుడ్డ కూడా అదే చోటు నుంచి వచ్చింది. అక్కడ నిలబడితే మీ ప్రశ్నకు జవాబు నేను చెప్పక్కర్లేదు.

ఫ్రాన్స్‌లో టైముంటే రైలెక్కి ఆంజే వెళ్లండి. 1370లలో మొదలై కొన్నేళ్లలో పూర్తయిన 'అపోకలిప్స్' (బైబిల్లోని లోకాంతపు కథ) వరస అక్కడి కోటలో ఉంది, ఇప్పటికి మిగిలింది దాదాపు వంద మీటర్లు. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని ముక్కలు చేసి చలికాలంలో నారింజ చెట్లకు కప్పారు, ఆ తర్వాతే మళ్లీ ఏరి కూర్చారు. అయినా నయం, 1797లో ప్రభుత్వం డబ్బుల్లేక జరీ ఉన్న రాజుల ట్యాపెస్ట్రీలను ఏకంగా కాల్చి బంగారం, వెండి తీసుకుంది. ఎంత మంచిదైతే అంత త్వరగా మంటలోకి వెళ్లింది, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు ఉండబట్టదు. ఆంజే చూసిన ఝా ల్యూర్సా అనే చిత్రకారుడే ఒబ్యుసోన్ ఊళ్లో మళ్లీ కొద్ది రంగులతో, లావు పోగుతో నేయించడం మొదలుపెట్టాడు. ఆ ఊరి నేతకు 2009లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

రెండు రోజులే ఉంటే క్లూనీ, గోబ్లాన్ చాలు. క్లూనీకి ముందు వెళ్లండి.