చాకులియా రన్‌వేను యుద్ధం ముగియకముందే ఎందుకు ఖాళీ చేశారు?

జార్ఖండ్‌లోని చాకులియా ఊరి బయట ఉన్న పాత రన్‌వేను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ వారు బర్మా యుద్ధం కోసమే కట్టారా, యుద్ధం ముగియడం వల్లనే వదిలేశారా అని మీరు అడిగారు. రైల్వే ఉద్యోగాల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాల మధ్య ఖరగ్‌పూర్‌లో పెరిగినవాడిని కనుక, టాటానగర్ లైన్‌లోని ఆ ఊరికి పలుమార్లు వెళ్లాను. చిన్నప్పుడు మా కాలనీలో విన్నది కూడా మీరు చెప్పిన కథే. అందులో నిజం సగమే.

1944 నాటి చాకులియా అమెరికన్లది. వారి గురి బర్మా కాదు, జపాన్. బి-29 అనే భారీ బాంబర్ల కోసం ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పాత విమాన స్థావరాలను ఎంచుకొని రన్‌వేలను 7,500 అడుగులకు పొడిగించారు. పక్కనున్న సలువా, కొంచెం దూరంలోని దూధ్‌కుండి, పియార్‌డోబా ఆ కోవలోవే. కలకత్తా రేవు అందుబాటులో ఉండటం, జపాన్ విమానాలు తేలిగ్గా చేరలేనంత దూరం కావడం ఈ ఎంపికకు కారణాలు. భారతదేశానికి వచ్చిన తొలి బి-29 దిగింది 1944 ఏప్రిల్ 2న చాకులియాలోనే.

అమెరికన్ ఇంజనీర్ల యంత్రాలతో పాటు, కంకర కొట్టి గంపలతో మోసిన వేలమంది స్థానిక స్త్రీపురుషుల శ్రమ ఈ రన్‌వేలలో ఉంది. రన్‌వే అంచు విరిగిన చోట వంగి చూస్తే సిమెంటులోంచి నిమ్మకాయంత రాళ్లు, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా, బయటపడి కనిపిస్తాయి. పైలట్ల జ్ఞాపకాలకు దొరికిన చోటు ఆ కూలీల పేర్లకు దొరకకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

1944 జూన్ 5న ఈ స్థావరాల నుంచి 98 విమానాలు బ్యాంకాక్ రైల్వే కర్మాగారాలపై దాడికి బయలుదేరాయి. యుద్ధంలో బి-29ల తొలి దాడి అదే. అయితే జపాన్ ఇక్కడి నుంచి నేరుగా అందేది కాదు. అందుకని విమానాలు హిమాలయాల తూర్పు కొసను దాటి, సుమారు 1,900 కిలోమీటర్ల దూరంలో చైనాలో ఉన్న చెంగ్డు చేరి, అక్కడి నుంచి దాడికి వెళ్లేవి. జూన్ 15 రాత్రి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారంపై దాడి జరిగింది ఆ విధంగానే. చిక్కంతా ఇంధనంతో వచ్చింది. చెంగ్డులో వాడే పెట్రోలును, బాంబులను కూడా ఇక్కడి నుంచే ఆ కొండల మీదుగా విమానాల్లో చేరవేయాలి. దాడికి వెళ్లాల్సిన బాంబర్లే రవాణా బండ్లుగా మారి, మోసుకెళ్లే పెట్రోలులో పెద్ద భాగాన్ని దారిలోనే తాగేసేవి. దీనికి తోడు, ఇక్కడి ఎండకు కొత్త ఇంజన్లు వేడెక్కి మంటలంటుకునేవి.

ఈ లోగా పసిఫిక్‌లోని మరియానా దీవులు అమెరికన్ల చేతికి వచ్చాయి. అక్కడికి ఓడల్లో ఎంత పెట్రోలైనా చేర్చవచ్చు, జపాన్‌కు నేరుగా వెళ్లి రావచ్చు. 1945 జనవరిలో చెంగ్డు స్థావరాలను విడిచిపెట్టారు. మార్చి నెలాఖరులో సింగపూర్ వైపు చివరి దాడి చేసి, జపాన్ లొంగిపోవడానికి కొన్ని నెలల ముందే బి-29 దళాలు మరియానాల్లోని టినియన్ దీవికి తరలిపోయాయి. కాబట్టి చాకులియాను ఖాళీ చేయించింది శాంతి కాదు, పెట్రోలు లెక్క అని నా అభిప్రాయం.

చూడటానికి వెళ్లదలిస్తే దూధ్‌కుండి జోలికి పోకండి. అది ఇప్పటికీ వాయుసేన బాంబుల అభ్యాస క్షేత్రం. చాకులియాతో పాటు ఖరగ్‌పూర్ ఐఐటీలోని హిజ్లీ భవనం కూడా చూడండి. స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన, 1931లో కాల్పులు జరిగిన ఆ జైలే తరువాత ఈ బాంబర్ దళానికి ప్రధాన కార్యాలయమైంది. 1951లో ఐఐటీ మొదలైందీ అక్కడే.